తాగని వాళ్లు లౌంజ్‌కి వెళ్తే డబ్బు దండగేనా?

మీరు అడిగింది ఇదీ: ఆఫీసు వాళ్లంతా శుక్రవారం రాత్రి జూబ్లీహిల్స్‌లో ఓ ఖరీదైన లౌంజ్‌కి వెళ్దామంటున్నారు, మీకు మందు అలవాటు లేదు, ఇలాంటి చోటికి వెళ్లడం ఇదే మొదటిసారి, వెళ్లాలా మానాలా అని.

వెళ్లండి. కాకపోతే పెందలాడే వెళ్లి పెందలాడే లేవండి. నేనూ తాగను. అయినా మా అక్క, బావగారితోనూ ఆఫీసు స్నేహితులతోనూ ఇలాంటి చోట్లకి వెళ్తూనే ఉంటాను, ఇష్టంగానే వెళ్తాను. అక్కడ మనం డబ్బు పెట్టేది మందుకి కాదు, కూర్చోవడానికి. మెత్తటి సోఫా, తక్కువ వెలుతురు, లేవమని తొందరపెట్టే వాళ్లు లేకపోవడం, తీరిగ్గా మాట్లాడుకోవడం. మామూలు రెస్టారెంట్‌లో శుక్రవారం రాత్రి తినడం అవగానే బిల్లు తెచ్చి పెడతారు, వెనక జనం నిలబడి ఉంటారు.

ఆ సుఖమంతా ఏడున్నర నుంచి పదింటి వరకే. ఆ తర్వాత డీజే వాల్యూమ్ పెంచుతాడు, పక్కవాళ్ల చెవిలో అరవాల్సి వస్తుంది. తాగిన వాళ్లకి అప్పుడే హుషారు మొదలవుతుంది, తాగని వాళ్లకి అక్కడ పని అయిపోతుంది. మీరు వెళ్లేది రూఫ్‌టాప్ (మేడ మీద ఆరుబయట నడిపేది) అయితే కథ వేరేగా ఉండొచ్చు, పదికే పాటలు ఆపేయొచ్చు. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 తర్వాత వాడకూడదని దేశమంతటికీ నిబంధన ఉంది. జూబ్లీహిల్స్ కాలనీల వాళ్లు ఈ గోల భరించలేక హైకోర్టుకే వెళ్లారు. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు పబ్బుల్లో రాత్రి 10 తర్వాత మ్యూజిక్ ఆపమని మధ్యంతర ఆదేశాలు కూడా ఇచ్చింది. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉండే ఇళ్ల మధ్య ఇవి నడుస్తున్నాయి కాబట్టి నా మనసు ఆ కాలనీల వాళ్ల వైపే ఉంటుంది.

ఇక తాగడానికి ఏం తీసుకోవాలి? మెనూలో రంగురంగుల మాక్‌టెయిల్స్ (మందు కలపని పానీయాలు) చాలా ఉంటాయి, నాలుగైదు వందల పైనే ఉంటాయి, ఎక్కువ వాటిలో సిరప్ తీపి తప్ప ఏమీ ఉండదు. వాటి జోలికి పోకండి. లేచి బార్ కౌంటర్ దగ్గరికి వెళ్లి బార్‌టెండర్‌నే అడగండి. మా అక్క పుట్టినరోజుకి వెళ్లినప్పుడు అదే చేశాం. కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు, మాటను బట్టి గోదావరి జిల్లాల వాడు. “మందు లేకుండా, తీపి తక్కువగా ఏదైనా చేసిస్తావా బాబూ?” అని అక్క అడిగింది. “పులుపు ఇష్టమేనాండి?” అన్నాడు. ఓ కరివేపాకు రెమ్మ తీసి, రెండు అరచేతుల మధ్య పెట్టి ఠప్పున ఒక్క దెబ్బ కొట్టాడు. మేం అలాగే చూస్తూ ఉండిపోయాం. “నలిపేస్తే చేదొచ్చేస్తుందండి, ఇలా కొడితే వాసనొక్కటే వస్తుందండి” అన్నాడు. అల్లం రసం, నిమ్మరసం, కొంచెం బెల్లం పాకం కలిపి, అవతలి వైపు పెట్టిన వేలు కనిపించేంత తేటగా ఉన్న పెద్ద ఐసు గడ్డ ఒక్కటి వేసి, పైన సోడా పోశాడు. చిన్న ముక్కలు చాలా వేస్తే గబగబా కరిగి నీళ్లనీళ్లగా అయిపోతుందట, పెద్ద గడ్డ అయితే గంటైనా రుచి చెడదట. నిజంగానే చెడలేదు. పనితనం అంటే ఎంత గౌరవం ఉంటే అలా చేస్తారు చెప్పండి! బార్‌టెండర్ అనగానే మందు పోసేవాడే అనుకుంటారు మనవాళ్లు, అది నాకు నచ్చదు. కానీ కౌంటర్ కిక్కిరిసిపోయాక ఏ బార్‌టెండర్‌కీ ఇంత తీరిక ఉండదు, పెందలాడే వెళ్లమనడానికి ఇదీ ఒక కారణం.

డబ్బు సంగతి. బయల్దేరే ముందే ఫోన్ చేసి ఎంట్రీ ఉందా, కవర్ చార్జి ఉందా అని అడగండి. కవర్ అయితే ఆ మొత్తానికి తినొచ్చు, తాగొచ్చు. ఎంట్రీ అయితే ఆ డబ్బు పోయినట్టే. కూర్చోగానే వెయిటర్ “స్టిల్లా, స్పార్క్లింగా?” అంటాడు, అంటే సీసా నీళ్లు, సీసా సీసాకీ బిల్లు. మీకు అక్కర్లేకపోతే “రెగ్యులర్ వాటర్ చాలు” అనండి, ఎవరూ చిన్నచూపు చూడరు.

బిల్లు పంచుకునేటప్పుడే తాగని వాళ్లకి అన్యాయం జరిగేది. దానికి తేలికైన దారి ఉంది. తిండికీ మాక్‌టెయిల్స్‌కీ జీఎస్టీ పడుతుంది, మామూలుగా 5 శాతం, స్టార్ హోటల్లో ఉన్న లౌంజ్ అయితే 18 శాతం ఉండొచ్చు. మందు జీఎస్టీలోకి రాదు, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. అందుకే చాలా చోట్ల రెండూ విడిగానే చూపిస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే “ఫుడ్ బిల్లు వేరే, లిక్కర్ బిల్లు వేరే” అని చెప్పించండి. తిండి అందరికీ సమానంగా, మందు తాగిన వాళ్లకి. ఈ మాట మీరు చెప్పడానికి మొహమాటంగా ఉంటే టీమ్‌లో కాస్త చొరవ ఉన్న వాళ్ల చేత అనిపించండి, ఆ రాత్రికి ముందే అనిపించండి.

సర్వీస్ చార్జి కూడా చూసుకోండి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మాకు ఒకచోట 10 శాతం కలిపారు. బావగారు మేనేజర్‌ని పిలిచి “ఇది తీసేయండి, వడ్డించిన పిల్లలకి మేం విడిగా ఇచ్చుకుంటాం” అన్నారు. మారుమాట లేకుండా కొత్త బిల్లు తెచ్చారు. తీయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

“ఒక్క సిప్పు, ఏం కాదులే” అనేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఒకరుంటారు. “నేను తాగను” అని ఒక్కసారి నవ్వుతూ చెప్పి వేరే మాటలోకి వెళ్లిపోండి. కారణాలు చెప్పడం మొదలుపెడితే వాదన మొదలవుతుంది. చేతిలో గ్లాసు ఉంటే సగం మంది అడగరు కూడా. టేబుల్ మీద వదిలి వాష్‌రూమ్‌కి వెళ్తే మాత్రం ఆ గ్లాసు మళ్లీ ముట్టుకోకండి, కొత్తది తెప్పించుకోండి.

ఇంటికి ఎలా వెళ్లాలన్నది పగలే తేల్చుకోండి. వారాంతాల్లో హైదరాబాద్ పోలీసులు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు గట్టిగా చేస్తారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. అందుకని తాగని మనిషికి అందరి కారు తాళాలూ అప్పజెప్పాలని చూస్తారు. ఇష్టమైతే ఒకరిని దింపండి, ఊరంతా దింపే పని పెట్టుకోవద్దు. క్యాబ్‌లో ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలుంటే తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ ఉంది, ప్రయాణం పొడుగునా వాళ్లు కనిపెట్టుకుని ఉంటారు.

మీ టీమ్‌లో ఇంటర్న్‌లు ఉంటే గుర్తింపు కార్డు తెచ్చుకోమనండి, ఇక్కడ మందుకి వయసు 21, గేటు దగ్గరే అడుగుతారు. చెప్పులు, షార్ట్స్ వేసుకొచ్చిన మగవాళ్లని చాలా చోట్ల వెనక్కి పంపేస్తారు. టేబుల్ బుక్ చేసేటప్పుడు స్పీకర్లకి దూరంగా ఇమ్మని అడగండి, అడిగితేనే ఇస్తారు.