నైట్ షిఫ్ట్ చేసొచ్చాక పగలు నిద్ర ఎందుకు నిలవదు?

చంద్రపూర్ జిల్లా (మహారాష్ట్ర) బల్లార్షా బొగ్గు గనిలో రాత్రంతా పనిచేసి ఒళ్ళు హూనమైనా, పగలు మూడు గంటలు నిద్రపోగానే మెలకువ వచ్చేస్తోందని అడిగారు. ఇక్కడి చాలా ఇళ్ళలో ఇదే బాధ.

మెదడు అడుగున హైపోథాలమస్‌ అనే చోట, ముందు వైపు ఒక చిన్న కణాల గుంపు ఉంది. అది గాబా అనే రసాయనంతో మెలకువ కేంద్రాల్ని అణిచేస్తేనే నిద్ర పడుతుంది. ఆ కేంద్రాలూ ఊరుకోవు, నోరడ్రినలిన్, సెరటోనిన్ లాంటి వాటితో ఈ గుంపును అణిచేస్తాయి. ఏతం కొయ్యలా ఒకటి లేస్తే రెండోది దిగాల్సిందే. మెలకువ కేంద్రాలు వాడే ఇంకో రసాయనం హిస్టమిన్. పాతరకం జలుబు మాత్రలు దాన్ని అడ్డుకుంటాయి కాబట్టే మత్తొస్తుంది. మెలకువను నిలకడగా పట్టి ఉంచేది 1998లో కనుగొన్న ఒరెక్సిన్ అనే మెదడు రసాయనం. దాన్ని తయారుచేసే కణాలు పోతే నార్కోలెప్సీ వస్తుంది, పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంది.

ఇక మీ సంగతి. రాత్రంతా మేలుకుంటే మెదడులో అడినోసిన్ అనే నిద్రమత్తు తెచ్చే రసాయనం పేరుకుంటుంది. పొద్దున పడుకోగానే నిద్ర పట్టేది దానివల్లే. కొంతసేపటికి అది తగ్గుతుంది. అప్పటికే, దాదాపు 20,000 కణాలున్న మెదడు గడియారం, కంటికి తగిలిన వెలుగును బట్టి పగలైందని మెలకువ వైపు బలం పెడుతుంది. చంద్రపూర్ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందుకే గదికి మందపాటి పరదా కట్టండి. షిఫ్ట్ చివర్లో టీ మానండి, అందులోని కెఫీన్ అడినోసిన్‌ను పనిచేయనివ్వదు.