తాళం లేని ఇంట్లోకి వెళ్లే ముందు

ఒరేయ్ చిన్నా,

ఆ పాడుబడ్డ బంగళాలోకి వెళ్లి ఫోటోలు తీస్తానని రాశావు. తాళం లేదు, బోర్డు లేదు, గోడ కూడా సగం కూలింది కాబట్టి తప్పేముందని నీ వాదన. గోడ కూలితే హక్కు కూలిపోదురా. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా అది ఎవరో ఒకరిదే.

అనుమతి లేకుండా అడుగుపెడితే, పూచికపుల్ల కదపకపోయినా, సివిల్‌గా దావా వేయొచ్చు. క్రిమినల్ కేసు వేరు, దానికి ఉద్దేశం ఉండాలి. భారతదేశంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అనే నేర చట్టంలోని 329వ సెక్షన్ ప్రకారం నేరం చేయాలనో, అక్కడున్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వెళ్తే నేరం. పిలిస్తేనే వెళ్లినా సరే, అలాంటి ఉద్దేశంతో కదలకుండా తిష్ఠ వేస్తే అదీ దాని కిందికే వస్తుంది. కాబట్టి ఎవరైనా వచ్చి బయటికి నడువంటే సెక్షన్లు చదవకు, సారీ చెప్పి వచ్చేయ్.

నాకు అసలు బెంగ చట్టం గురించి కాదు. స్కాట్లాండ్‌లో 2003 చట్టం వల్ల ఎవరి భూమి మీదుగానైనా బాధ్యతగా నడిచిపోవచ్చు, కానీ ఇళ్లకూ వాటి చుట్టూ ఉన్న కాస్త జాగాకూ ఆ హక్కు వర్తించదు. నాకు న్యాయంగా తోచే గీత కూడా అదే. నువ్వు వరండాలో నిలబడటం ఒక ఎత్తు, బీరువా సొరుగు లాగి ఎవరి ఉత్తరాలో, గోడకు మిగిలిపోయిన పెళ్లి ఫోటోనో తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం ఇంకో ఎత్తు. రెండోది చేస్తే మాత్రం నేను ఊరుకోను.

ప్రాణం మీదికొస్తే లెక్క వేరు. 1908లో అమెరికాలోని వెర్మాంట్‌లో ఒక కేసు తేలింది. తుఫానుకు భయపడి ఒక కుటుంబం పడవను పరాయివాళ్ల రేవుకు కట్టుకుంటే యజమాని పనివాడు తాడు విప్పేశాడు, పడవ ధ్వంసమైంది, మనుషులకూ గాయాలయ్యాయి. కోర్టు ఆ కుటుంబం పక్షానే నిలిచింది. రెండేళ్లకు అక్కడే మిన్నెసోటా రాష్ట్రంలో ఇంకో కేసు తేలింది. తుఫానులో రేవుకే కట్టి ఉంచిన ఓడ ఆ రేవును దెబ్బతీసింది. అలా ఉంచడం తప్పు కాదన్నారు, అయినా రేవు నష్టానికి ఓడవాళ్లతో 500 డాలర్లు కట్టించారు. నాకు ఆ రెండు తీర్పులూ సబబే అనిపిస్తాయి.

నీ ఫోటోలకు తుఫానేమీ రాలేదు కదా. పక్కింటివాళ్లను అడిగితే యజమాని ఎవరో తెలుస్తుంది. ఏ రోజు వస్తావో, ఏమేం తీస్తావో మెసేజ్‌లో రాసి అడుగు, సరేనంటే ఆ జవాబు ఫోన్‌లో ఉంచుకో. వద్దంటే రోడ్డు మీద నిలబడి తీసుకో, సాయంత్రం వెలుతురు ఎలాగూ బయటే బాగుంటుంది.

మీ పెదనాన్న