ఒక్క రేకు, ముప్పై అచ్చులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను. జీతం 28,000 రూపాయలు. బొమ్మలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక గ్యాలరీకి వెళితే నూనెరంగుల చిత్రాలన్నీ లక్షల్లో ఉన్నాయి. ఒక మూల మాత్రం చిన్న ఎచింగ్ 6,000 రూపాయలకు కనిపించింది. కింద పెన్సిల్‌తో 7/30 అని రాసి ఉంది. ముప్పై కాపీలున్న దాన్ని అసలు బొమ్మ అనవచ్చా? నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెట్టగల నాలాంటివారు ఇటువంటివి సేకరించవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: ముందుగా మీ ఉత్తరంలోని ‘కాపీ’ అనే మాటను పక్కన పెడదాం. కాపీ అనాలంటే దాని మూలం మరెక్కడో ఉండాలి. మీరు చూసిన ఎచింగ్‌కు అటువంటి మూలం ఏదీ లేదు. కళాకారుడు రాగి రేకు మీదనో జింకు రేకు మీదనో మైనం కలిసిన పూత పూసి, ఆ పూతను సూదితో గీకి, రేకును ఆమ్లంలో ముంచుతాడు. గీత పడిన చోట మాత్రమే ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ గాడుల్లో సిరా కూరి, పైన మిగిలిన సిరాను పలుచని గుడ్డతో తుడిచి, చెమ్మగా ఉన్న దళసరి కాగితాన్ని రేకు మీద పరచి ప్రెస్సు రోలర్ల మధ్య నుంచి నడిపిస్తే, కాగితం గాడుల్లోకి దిగి సిరాను అందుకుంటుంది. అంతవరకూ రేకు మీద ఉన్నవి కుడి ఎడమలు తారుమారైన గీతలు మాత్రమే. బొమ్మ పుట్టేది కాగితం మీదనే. ప్రతి అచ్చుకూ మళ్లీ సిరా కూరాలి, మళ్లీ తుడవాలి. ముప్పై అచ్చులంటే ముప్పై సార్లు చేతితో చేసిన పని అన్నమాట. కాబట్టి మీరు చూసినది అసలు బొమ్మే. అటువంటి అసలు బొమ్మలు ముప్పై ఉన్నాయి, అంతే.

ఈ సంగతి వచ్చినప్పుడల్లా నాకు అచ్చుబొమ్మల కళాకారుడు కృష్ణారెడ్డి గారు గుర్తుకు వస్తారు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన అచ్చుబొమ్మల కార్యశాల ‘అటెలియర్ 17’లో చేరిన ఆయన, అక్కడి సహచరులతో కలిసి, ఒకే రేకు నుంచి ఎన్నో రంగులను ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని తీర్చిదిద్దారు. అందులో రేకును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. గట్టి రోలరు ఎత్తయిన భాగాలను మాత్రమే తాకుతుంది, మెత్తని రోలరు లోతుల్లోకి కూడా దిగుతుంది. నూనె ఎక్కువ కలిపిన సిరా పడిన చోట బిరుసు సిరా అంటుకోదు కనుక రంగులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా పక్కపక్కన నిలుస్తాయి. 1972లో పద్మశ్రీ అందుకుని, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఆ మనిషి పేరు మన ఊళ్లలో ఇంకా ఎక్కువమందికి తెలియాలని నా కోరిక. జీవితమంతా రేకు మీద, కాగితం మీద ధారపోసిన ఆయన పనిని ‘కాపీలు’ అనడానికి ఎవరికి మాత్రం మనసు ఒప్పుతుంది?

ఇక డబ్బు సంగతి. నెలకు వెయ్యి పక్కన పెట్టగలిగితే ఆరు నెలలకు ఒక బొమ్మ, ఏడాదికి రెండు. ఇది తక్కువేమీ కాదు. న్యూయార్క్‌లో హెర్బర్ట్, డొరొతీ వోగెల్ అనే దంపతులు ఉండేవారు. ఆయన తపాలా శాఖలో గుమాస్తా, ఆమె గ్రంథాలయ ఉద్యోగిని. ఆమె జీతంతో ఇల్లు నడుపుకుని, ఆయన జీతంతో బొమ్మలు కొన్నారు. కొనే వస్తువు తమ స్తోమతకు లోబడి ఉండాలి, ఒక్క పడకగది ఉన్న తమ ఇంట్లో పట్టాలి. వారు పెట్టుకున్న నియమాలు ఈ రెండే. చాలాసార్లు వాయిదాల మీద చెల్లించారు. అలా పోగైన బొమ్మలు నాలుగు వేలు దాటాయి. 1992లో వాటిని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి అప్పగించడానికి నిర్ణయించుకున్నారు. మీరు కూడా గ్యాలరీవారిని వాయిదాల గురించి మొహమాటం లేకుండా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

అయితే మొదటి బొమ్మ కోసం గ్యాలరీకే వెళ్లాలని లేదు. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ లలితకళలు నేర్పే కళాశాలలు, విశ్వవిద్యాలయ విభాగాలు పెట్టే విద్యార్థుల ప్రదర్శనలకు వెళ్లండి. చెక్క మీద, లినోలియం అనే మెత్తని పరుపు మీద చెక్కి (దీన్నే లినోకట్ అంటారు) అచ్చు తీసిన మంచి బొమ్మలు అక్కడ మీ ఆరు వేలకన్నా తక్కువకే దొరకడం నేను చూశాను. చెక్కిన చేతులతోనే ఎదురుగా మాట్లాడవచ్చు. ఒక్కటే నా మనవి: వారి దగ్గర బేరం ఆడకండి. రేకు, ఆమ్లం, మంచి కాగితం, ప్రెస్సు అద్దె అన్నీ ఆ పిల్లలు తమ జేబు నుంచే పెట్టుకుని ఉండవచ్చు. కొన్నాక బొమ్మ పేరు, తీసిన సంవత్సరం, పద్ధతి, మొత్తం అచ్చుల సంఖ్య రాసిన రసీదు తప్పకుండా తీసుకోండి. పదేళ్ల తరువాత ధర పెరుగుతుందా అన్న ప్రశ్నతో మాత్రం కొనవద్దు. రోజూ ఉదయం కాఫీ తాగుతూ చూడాలనిపించే బొమ్మను కొనండి.

ప్రశ్న: పేరున్న చిత్రకారుడి ‘లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్’ అని చెబితే 15,000 పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నాను. సంతకం ఉంది, 112/250 అని అంకె ఉంది. అది ఉత్త కంప్యూటర్ ప్రింటు అని మిత్రుడు అంటున్నాడు. ఎలా తెలుసుకోవాలి?
– ఒక బ్యాంకు ఉద్యోగి, భీమవరం

జవాబు: గడియారాలు బాగుచేసేవారు వాడే భూతద్దం ఒకటి సంపాదించి, ముఖంలోనో ఆకాశంలోనో లేత రంగు ఉన్న చోట చూడండి. సన్నని చుక్కలు వరుసగా పూరేకుల్లా అమరి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ముద్రణ. తుంపర చల్లినట్లు వరుస లేని చుక్కలుంటే చాలావరకు ఇంక్‌జెట్. స్క్రీన్ ప్రింట్‌లో రంగు పొరలు పొరలుగా, అంచులు స్పష్టంగా ఉంటాయి. ఎచింగ్‌ను వాలు వెలుతురులో పట్టుకుంటే సిరా గీతలు కాగితం మీద కాస్త ఉబ్బి కనిపిస్తాయి; బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు ఉంటుంది. కాగితం వెనుక వేలితో మెల్లగా తడిమితే ఆ అంచు చేతికే తెలుస్తుంది.

మీది యంత్రం తీసిన నకలే అయితే ఆ సంతకం దాన్ని అసలు బొమ్మగా మార్చదు. నకలు కావడం దోషమని నేను అనడం లేదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుకూటం పెట్టి, ఒక్కో రంగు భాగాన్ని ఒక్కో చదును రాయి మీద గీయించి అచ్చు వేయించిన పటాలు నూనెరంగుల చిత్రాలకు నకళ్లే. అయినా వాటి వల్లనే లక్ష్మీ సరస్వతులు సామాన్యుల ఇళ్లకు కూడా చేరారు. కానీ నకలును నకలు అని చెప్పి, నకలు ధరకే అమ్మాలి. ఆ 250 ప్రతులనూ ఏ పద్ధతిలో ముద్రించారో రాతపూర్వకంగా చెప్పమని మీకు అమ్మినవారిని అడగండి. వారు చెప్పలేకపోతే మీ మిత్రుడి అనుమానానికి బలం చేకూరినట్లే. నన్ను అడిగితే, పెద్ద పేరున్న నకలుకు పెట్టే 15,000తో పేరు రాని చేతులు తీసిన మూడు అసలు అచ్చులు కొంటాను.

ప్రశ్న: 1/30 అని ఉన్న అచ్చు 30/30 కన్నా మేలైనదా? A/P అంటే ఏమిటి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఆ అంకెలు అచ్చు తీసిన వరుసనే చెబుతాయన్న భరోసా లేదు, చాలామంది అన్నీ ఆరిన తరువాత ఒక్కసారే సంతకాలు చేస్తారు. అంకెను చూడకండి, అచ్చును చూడండి. ఆమ్లం వాడకుండా సూదితో నేరుగా రేకునే గీసే డ్రైపాయింట్ పద్ధతిలో మాత్రం రేకు త్వరగా అరిగిపోతుంది కనుక ముందు తీసినవాటిలో నలుపు చిక్కగా ఉంటుంది. A/P అంటే ఆర్టిస్ట్స్ ప్రూఫ్, కళాకారులు తమ కోసం ఉంచుకునే కొద్ది ప్రతులు. చిన్న కంచు బొమ్మల మీద కనిపించే 3/9 వంటి అంకెలకూ అర్థం ఇదే: తొమ్మిది పోతల్లో మూడవది.

ప్రశ్న: మాది సముద్రపు గాలి తగిలే ఇల్లు. కాగితం మీది బొమ్మలు నిలుస్తాయా?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: నిలుస్తాయి, కానీ పటం కట్టించడంలో జాగ్రత్త కావాలి. నేను మొట్టమొదట కొన్న లినోకట్‌ను నా చేతులతో నేనే పాడుచేశాను. నాలుగు మూలలా సెల్లో టేపు అంటించి అట్టకు బిగించాను. కొన్నేళ్లకు టేపు ఊడిపోయింది గాని దాని జిగురు కాగితంలోకి ఇంకి, టీ మరకల వంటి నాలుగు గోధుమరంగు చతురస్రాలు మిగిలాయి. ఇప్పటికీ అవి పోలేదు. ఇంకోసారి పటం కట్టే షాపులో ఒక ఎచింగ్ ఇస్తే, ఫ్రేములో పట్టడం లేదని చుట్టూ ఉన్న తెల్ల అంచు కత్తిరించారు. పెన్సిల్ సంతకమూ అంకే ఆ అంచుతో పాటే పోయాయి.

కాబట్టి షాపువారికి మూడు మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి: అంచు కత్తిరించవద్దు, అట్టకు జిగురుతో అంటించవద్దు, అద్దం బొమ్మకు తగలనివ్వవద్దు. బొమ్మకూ అద్దానికీ మధ్య, బొమ్మ కనిపించేలా కిటికీలా కోసిన, ఆమ్లం లేని మౌంట్ అట్ట పెట్టించండి. బొమ్మను వెనుక అట్టకు పట్టి ఉంచడానికి పైఅంచున రెండు చోట్ల పలుచని జపాను కాగితపు ముక్కలను గోధుమ గంజితో అంటించి వేలాడదీస్తే చాలు. రేపు కావాలనుకుంటే నీటి తడితో ఊడి వస్తాయి. వానకు నానే బయటి గోడకూ, ఎండ పడే కిటికీ ఎదుటి గోడకూ తగిలించవద్దు. లోపలి గోడకైనా పటం వెనుక కింది మూలల్లో రెండు సీసా బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. వానాకాలం వెళ్లగానే ఒకసారి దింపి వెనుక బూజు గాని, పురుగు గాని పట్టిందేమో చూసుకోండి. బూజు కనిపిస్తే తడిగుడ్డతో మాత్రం తుడవవద్దు. ఫ్రేము విప్పించి, నీడలో గాలికి ఆరనివ్వండి.