పొట్టేలు పుర్రెపై పసుపు మరకలు తిరిగి రావడం: సమాధానం

మీరు పుర్రెను మరిగించి, బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లబరిచినా రెండు వారాలకే పసుపు మరకలు తిరిగి కనిపించడానికి కారణం మురికి కాదు, ఎముకలో మిగిలిపోయిన కొవ్వు. మరిగించినందువల్ల అది మరింత లోతుకు ఇంకింది.

1. బ్లీచింగ్ పౌడర్ మానండి. అది ఎముకను గుల్లబార్చి పొడిగా రాలేట్టు చేస్తుంది. ఇప్పటికే పట్టినది పోయేలా బాగా కడగండి.

2. ఎముకలోని కొవ్వును బయటకు తీయండి. చాలామంది వదిలేసే పని ఇదే. మూత ఉన్న బకెట్‌లో గోరువెచ్చని నీటికి గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపి, పుర్రెను పూర్తిగా ముంచి ఉంచండి. నీరు మసకబారి పైన జిడ్డు తేలినప్పుడల్లా మార్చండి. నెల పట్టినా సరే, నీరు తేటగా నిలిచేవరకు తరువాతి పనికి పోవద్దు. మన హనుమకొండ ఎండలకు డాబా మీద నీరు దానంతటదే వెచ్చబడుతుంది కనుక మే నెల ఇందుకు అనుకూలం. వాసనకు పొరుగువారు ఏమంటారన్నది వేరే సంగతి.

3. ఆ తరువాతే, తెల్లబరచడానికి, మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు సమానంగా నీరు కలిపి, చేతి తొడుగులు వేసుకొని, ఒకటి రెండు రోజులు నానబెట్టండి. వాయువు వెలువడుతుంది కనుక మూత బిగించకండి. కొమ్ములకు ఈ ద్రావణం తగలనివ్వకండి, వాటి రంగు పోతుంది.

4. కడిగి నీడలో ఆరబెట్టండి.