నడుం, తుంటి, కాలు నొప్పి, రిపోర్టులన్నీ నార్మల్: నా జబ్బుకి పేరు దొరకడానికి ఆరేళ్లు పట్టింది

మీరు చెప్పినదాన్ని బట్టి వయసు 31, రెండేళ్లుగా నడుం కింద, తుంటిలో, తొడ వెనక భరించలేని నొప్పి. ఎక్స్‌రే నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, ముగ్గురు డాక్టర్లూ "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఇక ఎవరికి చూపించుకోవాలి అని అడిగారు. నేను డాక్టర్ని కాను, స్కూల్లో లెక్కల టీచర్ని. కానీ ఆ "ఏమీ లేదు" అనే మాట ఆరేళ్లు విన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

నాకు 27 ఏళ్లప్పుడు, పాప పుట్టిన కొన్ని నెలలకు మొదలైంది. సిజేరియన్ అయింది కాబట్టి మా ఇంట్లో ఇక వేరే కారణం వెతకలేదు. "వెన్నుకి ఇంజెక్షన్ ఇచ్చారుగా, దానివల్లే, ఇక జీవితాంతం ఉంటుంది" అని అమ్మ, అత్తయ్య, పక్కింటి పిన్నిగారు ముగ్గురూ తేల్చేశారు. నేనూ నమ్మేసి రెండేళ్లు డాక్టరు గుమ్మం తొక్కలేదు. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉంటే ఉండొచ్చు గానీ, ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పికి అది కారణం కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఈలోగా వంకాయ, గోంగూర, చింతపండు అన్నీ మానేశాను, వాతమట. గోంగూర మానేసినందుకు ఇప్పటికీ బాధే.

తర్వాత వెళ్లినచోట నడుముకి ఎంఆర్‌ఐ తీయించారు. నడుం కింది భాగంలో ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ అనే వెన్నుపూసల మధ్య డిస్క్ కొంచెం ఉబ్బిందని వచ్చింది. హమ్మయ్య, దొరికింది అనుకున్నాం. సయాటికా అన్నారు, అంటే నడుం దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పి. నడుం బెల్టు, మూడు వారాల బెడ్‌రెస్ట్. ఆ మూడు వారాలు నరకం చూశాను. పడుకున్నకొద్దీ నొప్పి పెరిగేది. తెల్లవారుజామున మూడున్నరకల్లా మెలకువ. పక్కకి తిరగాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, అటూ ఇటూ తిరిగి ఏదో ఒక పని చేస్తుంటే ఏడున్నరకి ఒళ్లు కాస్త వదిలేది. నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీసినా, ఇరవై ఏళ్ల వయసులోనే సుమారు 30 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుందట. అంటే రిపోర్టులో ఏదో ఉందంటే నొప్పి దానివల్లే అనుకోవక్కర్లేదు. అప్పట్లో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఒకసారి విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో వస్తుంటే సూర్యాపేట దగ్గర టీకి ఆపారు. రెండు గంటలు కూర్చున్నాక లేవబోతే నడుం నిటారు కాలేదు. వెనక జనం ఆగిపోయారు. మా ఆయన చెయ్యి పట్టుకుని దించారు. ఐదు నిమిషాలు నడిచానో లేదో మామూలుగా అయిపోయాను. "ఇందాక అంత కుంటుతూ దిగావు, ఇప్పుడు బానే నడుస్తున్నావే" అన్నారాయన. ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థం కాక. పైగా ఈ నెల ఎడమ పిరుదులో నొప్పి, వచ్చే నెల కుడివైపు. అత్తయ్య అయితే "ఒకసారి కుడి అంటుంది, ఒకసారి ఎడమ అంటుంది, ఎక్కడ నొప్పో తనకే తెలీదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కొన్నాళ్లకి నాకే అనుమానం వచ్చింది, నేను ఎక్కువ చేస్తున్నానా అని.

33 ఏళ్లప్పుడు ఎడమ కన్ను ఎర్రబడింది. కళ్లకలక అనుకుని మందుల షాపులో చుక్కలు కొనుక్కున్నాను. తగ్గకపోగా వెలుతురు చూస్తే కన్ను పీకేది. కంటి డాక్టర్ దగ్గరికి వెళితే, పరీక్ష చేసి, ఆవిడ అడిగిన మొదటి మాట: "అమ్మా, మీకు నడుంనొప్పి ఏమన్నా ఉందా?" నాకు నోట మాట రాలేదు. కంటి మధ్య పొర వాచింది, యువైటిస్ అంటారు, నడుం నొప్పి కూడా ఉంటే రుమటాలజిస్టుని, అంటే కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే డాక్టర్ని, కలవండి అని చీటీ రాసిచ్చారు. అలాంటి డాక్టర్లు ఉంటారని అప్పటిదాకా నాకు తెలీదు.

ఆ రుమటాలజిస్టు ఫైలు తెరవకముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. నొప్పి పని చేస్తే పెరుగుతుందా, విశ్రాంతి తీసుకుంటేనా? అర్ధరాత్రి దాటాక లేపుతుందా? పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు? పిరుదుల్లో వైపులు మారుతుందా? మడమ నొప్పి వచ్చిందా? ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా? మా ఇంట్లో నాటకం అనుకున్నవన్నీ ఆయన ప్రశ్నల్లో ఉన్నాయి. అక్కడే ఏడ్చేశాను.

ఈసారి ఎంఆర్‌ఐ నడుముకి కాదు, వెన్నెముక అడుగున కటి ఎముకతో కలిసే శాక్రోఇలియాక్ కీళ్లకి తీశారు. రెండు వైపులా ఎముక లోపల వాపు. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు పరీక్ష పాజిటివ్. యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అన్నారు, అంటే వెన్నెముకలో, దాని అడుగున ఉండే ఆ కీళ్లలో వాపు వచ్చే జబ్బు. ఎక్స్‌రేలో మార్పులు స్పష్టంగా కనపడే దశకి వస్తే దాన్నే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. ఎక్స్‌రేలో పడటానికి ఏళ్లు పట్టొచ్చు. ఒంట్లో వాపుని చూపించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చాలామందికి నార్మల్‌గానే ఉంటాయి. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష ఇందులో మామూలుగా నెగెటివే వస్తుంది. దాన్ని చూసే నాకు ఇంతకుముందు "కీళ్లవాతం కాదు" అనేశారు. అలాగని బి27 పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టే అనుకోకండి, ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏమీ రాదు.

మీది కూడా ఇదే అని నేననడం లేదు. నొప్పి ముఖ్యంగా గజ్జల్లో ఉండి, బాసింపట్టు వేసుకోవడం కష్టమైతే తుంటి కీలునే చూడాలి. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకి, మద్యం బాగా తాగేవాళ్లకి అక్కడ ఎముకకి రక్తం అందక దెబ్బతింటుంది, అదీ మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక టీబీ కాదని తేల్చుకోవాలి. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు బలం తగ్గిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పేరు లేని పొట్లాల పొడులు, "ఒక్క సూదితో పోతుంది" అనే ఇంజెక్షన్లు వద్దు. వాటిల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నేనూ ఓ నాలుగు నెలలు పొడి తిన్నాను, ముఖం ఉబ్బాక మానేశాను.

ఇప్పుడు నాకెలా ఉందంటే, డాక్టరు రాసిన నొప్పి మాత్ర కొన్ని వారాలు క్రమంగా వేసుకున్నాక మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను. అవి కడుపుకీ కిడ్నీలకీ ఇబ్బంది చేయొచ్చు కాబట్టి సొంతంగా వేసుకోవద్దు. రోజూ అరగంట వ్యాయామం, అది మానేసిన వారం ఒళ్లు పట్టేస్తుంది. మాత్రలతో లొంగనివాళ్లకి బయోలాజిక్ ఇంజెక్షన్లు (వాపుకి కారణమయ్యే పదార్థాల్ని అడ్డుకునే మందులు) ఉన్నాయి, మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. నాకింకా ఆ అవసరం రాలేదు.

హైదరాబాద్‌లో అయితే నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, ప్రైవేటులోనూ డాక్టర్లున్నారు. వెళ్లేముందు రెండు వారాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నింటికి మెలకువ వచ్చింది, లేచాక ఒళ్లు వదలడానికి ఎంతసేపు పట్టింది, ఆ రోజు ఏ వైపు, నడిస్తే తగ్గిందా పెరిగిందా. పాత ఎంఆర్‌ఐ రిపోర్టు ఒక్కటే కాదు, సీడీ కూడా తీసుకెళ్లండి. నాది ఇంట్లోనే మర్చిపోయి మళ్లీ రెండు వారాలు ఆగాల్సి వచ్చింది.