చర్మం ఉంచి రొమ్ము తీస్తే క్యాన్సర్ అందులోనే ఉండిపోతుందా?

మీ అక్కకి స్కిన్ స్పేరింగ్ మాస్టెక్టమీ చేద్దామన్నారని, చర్మం వదిలేస్తే జబ్బు కూడా అందులోనే మిగిలిపోతుందేమోనని అడిగారు. మూడేళ్ల కిందట నాకు అదే ఆపరేషన్ అయింది. సర్జన్‌ని నేను మొదట అడిగిందీ ఇదే.

లోపలి రొమ్ము కణజాలాన్ని చనుమొనతో సహా తీసేస్తారు. పై చర్మం ఖాళీ సంచిలా ఉంటుంది. అందులో ఇంప్లాంటో, పొట్ట కొవ్వో, వీపు కండో పెట్టి ఆకారం తెస్తారు. (చనుమొన కూడా ఉంచేది వేరే రకం. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తన గురించి రాసింది దాని గురించే.) గడ్డ చర్మానికి అంటుకోని వాళ్లలో, జబ్బు అక్కడ తిరగబెట్టే అవకాశం చర్మంతో సహా తీసేసినప్పుడు ఎంతో ఇందులోనూ దాదాపు అంతే. చర్మానికి పాకినవాళ్లకి, రొమ్మంతా ఎర్రబడి వాచే ఇన్‌ఫ్లమేటరీ రకానికి ఇది చేయరు.

నేను భయపడింది క్యాన్సర్‌కి, ఏడిపించింది మాత్రం ఆ చర్మమే. లోపలంతా తీసేశాక మిగిలిన పల్చటి పొరకి రక్తం అందాలి కదా. నాకు షుగర్. నాలుగో రోజు కట్టు విప్పితే కుట్టు అంచున రూపాయి బిళ్లంత మేర నల్లబడి ఉంది. చచ్చిన చర్మం కత్తిరించి, ఐదు వారాలు రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేశారు. ఇంప్లాంట్ దక్కింది. ఇన్‌ఫెక్షన్ వచ్చి తీసేయాల్సి వచ్చినవాళ్లూ ఉంటారు. షుగర్, సిగరెట్, ఊబకాయం ఉంటే ఈ ముప్పు ఎక్కువ. మీ అక్కకి షుగర్ ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోమనండి.

గాయంలో ఊరే నీరు గొట్టంలోంచి వచ్చి పడే రెండు డ్రెయిన్ బాటిళ్లు గుడ్డసంచిలో వేసి మెడకి తగిలించుకుని తిరిగాను. రోజూ ఎన్ని ఎంఎల్ వచ్చిందో మా ఆయన పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే రాసేవారు. 30 లోపుకి దిగాక తీశారు.

రేడియేషన్ అవసరం పడుతుందా అని ఇప్పుడే అడగండి. ఇంప్లాంట్ ఉన్నచోట రేడియేషన్ ఇస్తే చుట్టూ గట్టిపడి ఆకారం మారడం ఎక్కువ. అందుకే కొందరు డాక్టర్లు సొంత కండ పెట్టడమో, కొన్నాళ్లు ఆగడమో మేలంటారు.

ఆకారం బాగానే వచ్చింది. జాకెట్ వేసుకుంటే ఎవరికీ తెలియదు. స్పర్శ మాత్రం చాలావరకు పోయింది, ఆ సంగతి నాకు ముందు ఎవరూ గట్టిగా చెప్పలేదు. మొన్న చలికాలంలో భుజం నొప్పికి వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకుని పడుకున్నాను. అది కిందికి జారింది. పొద్దున స్నానానికి వెళ్లి చూసుకుంటే బొబ్బ.