తాతకీ మనవరాలికీ ఒకటే ఇంజెక్షనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 29 వారాలకే కాన్పు అయిపోయింది, పాప 1,100 గ్రాములు. నెల రోజులుగా బాక్సులోనే ఉంచారు. ఇప్పుడు కంటి డాక్టరు చూసి, లోపల పిచ్చి నరాలు పెరుగుతున్నాయి, రెండు రోజుల్లో కంట్లో ఇంజెక్షన్ వెయ్యాలి అంటున్నారు. చీటీ చూస్తే పోయినేడాది షుగర్ వల్ల కన్ను మసకబారితే మా ఆయనకి వేసిందే! మా అల్లుడేమో ఫోన్లో చూసి అది క్యాన్సర్ మందు అంటున్నాడు. ఆక్సిజన్ పెట్టడం వల్లే ఇలా అయిందా? వచ్చే వారం మా ఆడపడుచు కూతురి పెళ్ళి, అదయ్యాక వేయిస్తే పర్లేదా?
– ఓ అమ్మమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, పెళ్ళి సంగతి మీ మెయిల్ చూసిన రోజే ఫోన్లో చెప్పేశా, వారం కాదు కదా మూడు రోజులు కూడా ఆగొద్దని. మిగతావాళ్ళకీ పనికొస్తుందని వివరంగా ఇక్కడ రాస్తున్నా.

మనం నరాలు అంటాం గానీ అవి రక్తనాళాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కంట్లో వచ్చే ఈ జబ్బుని ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ) అంటారు. కడుపులో బిడ్డకి దాదాపు 16 వారాలొచ్చేదాకా రెటీనాలో (కంటి వెనక చూపునిచ్చే పొర) రక్తనాళాలే ఉండవు, అప్పుడు కంటి నుంచి మెదడుకి వెళ్ళే కంటి నరం దగ్గర మొదలై నెమ్మదిగా అంచుల వైపు పాక్కుంటూ వెళ్తాయి, ముక్కు వైపు అంచుకి 36 వారాలకి చేరితే చెవి వైపు దూరం ఎక్కువ కాబట్టి నెలలు నిండేదాకా పడుతుంది. మీ మనవరాలు పని సగంలో ఉండగానే వచ్చేసింది.

మరి వాటిని అటు రమ్మని పిలిచేదెవరు? నీళ్ళు రాని వీధివాళ్ళు మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నట్టు, ఆక్సిజన్ అందని రెటీనా కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ వదుల్తాయి, రక్తనాళం దాని వాసన పట్టుకుని అటే పెరుగుతుంది. ఇలాంటిదేదో ఉండి తీరాలని 1948లోనే మైకెల్సన్ అనే కంటి డాక్టరు ఊహించాడు, దాన్ని విడదీసి ఆ పేరు పెట్టింది మాత్రం 1989లో, ఫెరారా అనే శాస్త్రవేత్త.

పాప బయటికొచ్చి గాలి పీల్చగానే కడుపులో కంటే ఎక్కువ ఆక్సిజన్ అందుతుంది. ఇంక అర్జీలు ఆగిపోతాయి, పైపులైను పని కూడా. దానికి తోడు తల్లి కడుపులో ఉన్నప్పుడు బాగా ఉండే ఐజీఎఫ్-1 అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ (పెరుగుదలకి తోడ్పడే ప్రోటీన్) పుట్టగానే పడిపోతుంది, అది సంతకం పెట్టకపోతే వీఈజీఎఫ్ అర్జీ కూడా సరిగ్గా చెల్లదు. (స్వీడన్‌లో హెల్‌స్ట్రోమ్, బోస్టన్‌లో లోయిస్ స్మిత్ బృందం 2001లో చూపించింది ఇదే.) కొన్ని వారాలు పోయాక రెటీనా ఎదిగి ఆకలి పెరుగుతుంది, అర్జీలు కుప్పలుగా పడతాయి, సంతకం కూడా దొరికేస్తుంది, అప్పుడు రక్తనాళాలు దారీతెన్నూ లేకుండా కంటి మధ్యలోకి లేస్తాయి. అవి గట్టిపడి లాగితే రెటీనా ఊడొస్తుంది, అదీ అసలు భయం.

కాబట్టి ఆక్సిజన్ పాత్ర ఉంది, కానీ అది పెట్టకపోతే పాప బతికేది కాదు. 1940ల్లో అమెరికాలో లెక్కాపత్రం లేకుండా పెట్టి వేలమంది పిల్లలకి చూపు పోగొట్టారు, తర్వాత మరీ బిగించేస్తే ప్రాణాలు పోయాయి. ఇప్పుడు వేలికో పాదానికో మిషన్ తగిలించి రక్తంలో ఆక్సిజన్‌ని సాధారణంగా 90-95 శాతం మధ్య ఉంచుతారు. అక్కడి సిస్టర్ల మీద కోపం పెట్టుకోకండి.

ఇంక ఇంజెక్షన్. అల్లుడుగారు చెప్పింది అబద్ధం కాదు, మీ చీటీలో ఉన్న బెవాసిజుమాబ్ 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కే వచ్చింది, ఎందుకంటే క్యాన్సర్ గడ్డ కూడా ఇదే వీఈజీఎఫ్‌తో రక్తం తెప్పించుకుంటుంది. మీ ఆయన కంట్లోనూ షుగర్ వల్ల ఆక్సిజన్ అందక అదే ఎక్కువై నీరు ఊరింది. మందు పని అదనంగా ఉన్న వీఈజీఎఫ్‌ని పట్టేసుకోవడమే. పాపకి డోసు చాలా తక్కువ, పెద్దవాళ్ళకి వేసేదాంట్లో సగమో ఇంకా తక్కువో. అయినా కొంత రక్తంలోకి వెళ్తుంది, అందుకే డాక్టర్లు ఆచితూచి వేస్తారు. లేజర్ ఇంకో దారి, రక్తనాళాలు చేరని అంచుని కాల్చేస్తే అర్జీ పెట్టేవాళ్ళే ఉండరు, కాకపోతే ఆ మేరకి రెటీనా పోతుంది, తర్వాత మైనస్ పవర్ కూడా ఎక్కువ రావచ్చు. కంటి నరం దగ్గర్లోనే జబ్బు ఉంటే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, కానీ నెలల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు, మీరు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

చెకప్ చూసి హడలిపోకండి. చుక్కలు వేసి, చిన్న క్లిప్పుతో రెప్పలు తెరిచి, తలకి లైటు కట్టుకుని చూస్తారు, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. కాస్త ముందే పాలు పట్టేయండి, అప్పటికప్పుడు పడితే కక్కుతుంది. పైకి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది, లైటు వంక కూడా చూస్తుంది, ఆ ధైర్యంతోనే చాలామంది రెండో చెకప్‌కి రారు. తల్లిపాలు, కంగారూలా గుండెకి హత్తుకోవడం మానొద్దు, బరువు బాగా పెరిగే పిల్లల్లో ఐజీఎఫ్ కూడా పుంజుకుంటుంది.

చదివేవాళ్ళకి: మన దేశంలో 34 వారాల్లోపు పుట్టినా, 2,000 గ్రాముల్లోపు ఉన్నా 30 రోజులు నిండేలోపే రెటీనా చూపించాలి. 28 వారాల్లోపు గానీ 1,200 గ్రాముల్లోపు గానీ అయితే రెండుమూడు వారాలకే.

పెళ్ళికి మీ ఆయన్ని పంపండమ్మా, స్వీటు జోలికి పోవద్దని చెప్పి.